100 వాట్ల ప్యానెల్ 72 వాట్లే ఎందుకిస్తుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

మేడ మీది 100 వాట్ల సోలార్ ప్యానెల్‌ని నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే 72 వాట్లు దాటడం లేదేమని అడిగారు కదా. ప్యానెల్ వెనక అంటించిన కాగితం చదవండి. 18 వోల్టులు, 5.55 ఆంపియర్లు అని ఉంటుంది. ఆ రెండూ గుణిస్తేనే 100. బ్యాటరీ ఏమో ప్యానెల్‌ని తన 12.5 వోల్టులకు లాగేస్తుంది. అక్కడ కరెంటు 5.8కి పెరిగినా, గుణిస్తే 72 వాట్లే.

10 వాట్ల చిన్న ప్యానెల్‌తో మీరే చూసుకోవచ్చు. 10, 22, 33, 47, 100 ఓమ్‌ల రెసిస్టర్లు, 20 వాట్లు తట్టుకునేవి, తెచ్చుకోండి. నడినెత్తి ఎండలో ఒక్కొక్కటీ తగిలించి మల్టీమీటర్‌తో వోల్టులు చూడండి. వోల్టుల వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే వాట్లు. 10 ఓమ్‌లకు 6 వోల్టులొస్తే 3.6 వాట్లు, 33కు 17.8 వస్తే 9.6, 100కు 20.5 వస్తే 4.2. గ్రాఫు గీస్తే గుట్టలా ఉంటుంది. (33 ఓమ్‌లది చేత్తో పట్టుకోకండి, కాలుతుంది.)

ఆ గుట్ట శిఖరం ఒకచోట నిలవదు. కాగితం మీది అంకెలు 25 డిగ్రీలవి. మే నెలలో సెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.4 శాతం చొప్పున 16 శాతం శక్తి పోతుంది, శిఖరం 15 వోల్టుల వైపు జరుగుతుంది. మబ్బు పడితే కరెంటు పడిపోతుంది. ఇలా జరిగే శిఖరాన్ని వెంటాడే పెట్టె పేరే ఎంపీపీటీ కంట్రోలర్. లోపల ఒక స్విచ్, ఒక కాయిల్. స్విచ్ సెకనుకు వేలసార్లు పడి లేస్తుంది. ఎంతసేపు పడి ఉండాలన్నదే దాని చేతిలోని పగ్గం, దాన్ని బట్టే ప్యానెల్ వోల్టేజి జరుగుతుంది.

పాత పద్ధతి, కళ్లకు గంతలు కట్టుకుని గుట్ట ఎక్కడమే. వోల్టేజి కాస్త జరుపు, వాట్లు పెరిగితే అదే దారి, తగ్గితే వెనక్కి. అడుగు పెద్దదైతే శిఖరం చుట్టూ ఊగుతూ శక్తి పారేస్తుంది, చిన్నదైతే నత్తనడక. ఇంకో చిక్కు: తప్పు దిక్కున అడుగేసిన క్షణంలోనే మబ్బు తొలగిందనుకోండి. వాట్లు పెరుగుతాయి. ‘నా దారి సరైనదే’ అనుకుని ఇంకా తప్పుకే పోతుంది.

లాట్ఫీ జాదే అనే శాస్త్రవేత్త 1965లో ప్రతిపాదించిన ఫజ్జీ పద్ధతి, అంటే ‘కాస్త’, ‘చాలా’ లాంటి మాటలతోనే లెక్క నడిపేది, ఇక్కడ పనికొస్తుంది. వాలు నిటారుగా ఉంటే పెద్ద అడుగు, చదునవుతుంటే చిన్న అడుగు, అన్న నియమాల పట్టిక మనమే రాసిపెడతాం. ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాం, న్యూరల్ నెట్‌వర్క్ అయితే ఎండనీ వేడినీ కొలిచి శిఖరం ఫలానా చోట ఉంటుందని ఒక్కసారే చెప్పేస్తుంది. కానీ దానికి నేర్పింది కొత్త ప్యానెల్ మీద. దుమ్ము పట్టి, వయసు మీదపడిన ప్యానెల్‌కు ఆ జవాబు తప్పుతుంది. దగ్గరికి చేరాక గంతల ఆటే సరిచెయ్యాలి.

తెలివి నిజంగా అక్కరకొచ్చేది నీడ పడ్డప్పుడు. రెండు 100 వాట్ల ప్యానెళ్లు సిరీస్‌లో ఉన్నాయి, ఒకదానిమీద నీడ పడి 30 శాతం ఎండే అందుతోంది అనుకుందాం. నీడ పడ్డ ప్యానెల్‌ని తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్ల వల్ల గుట్టలు రెండవుతాయి: సుమారు 38 వోల్టుల దగ్గర 64 వాట్లది, 17 దగ్గర 94 వాట్లది. పై వోల్టేజి నుంచి దిగే కంట్రోలర్ 64 ఎక్కి అక్కడే కూర్చుంటుంది. కెనెడీ, ఎబర్‌హార్ట్‌లు 1995లో చెప్పిన పక్షిగుంపు పద్ధతి నాలుగైదు వోల్టేజిల దగ్గర ఒక్కో పక్షిని వదులుతుంది. మంచి గింజ దొరికినవైపు మిగతావి జరుగుతాయి. వెతికినంతసేపూ ఉత్పత్తి తగ్గుతుంది కనుక, వాట్లు ఉన్నట్టుండి మారినప్పుడే దాన్ని లేపాలి. నీడే పడని మేడకు దీనికోసం డబ్బు పోయడం దండగ. పడితే ముందు ఆ కొమ్మ కొట్టండి.

కొనేటప్పుడు ఒకటి చూడండి. మామూలు కంట్రోలర్ మీద ఎంపీపీటీ అని ముద్రేసి అమ్ముతారు. బ్యాటరీ సగమే నిండి ఉన్నప్పుడు, మంచి ఎండలో, ప్యానెల్ తీగల దగ్గర వోల్టేజి కొలవండి. బ్యాటరీ వోల్టేజితో దాదాపు సమానంగా ఉంటే అది ఎంపీపీటీ కాదు. 15 నుంచి 18 మధ్య ఉండి, బ్యాటరీలోకి వెళ్లే ఆంపియర్లు ప్యానెల్ నుంచి వచ్చేవాటికంటే ఎక్కువుంటే డబ్బిచ్చి తెచ్చుకోండి.

మీ తాతయ్య