మైక్రోసాఫ్ట్ వాళ్లు మన ఇంటికి ఫోన్ చెయ్యరు: పిల్లలకు పెదనాన్న ఉత్తరం

లాస్యా, హర్షా, చిన్నోడా,

మైక్రోసాఫ్ట్ వాళ్లు నిజంగా ఇళ్లకి ఫోన్ చేస్తారా పెదనాన్నా అని లాస్య మొన్న మెసేజ్ పెట్టింది. చెయ్యరు. మీ ల్యాప్‌టాప్‌లో వైరస్ ఉందని వాళ్లంతట వాళ్లే కనిపెట్టి, మీ నాన్న నంబరు సంపాదించి, సత్యనారాయణపురంలో మన ఇంటికి ఫోన్ చేసేంత తీరిక ఆ కంపెనీలో ఎవరికీ లేదు. సమాధానం అంతే. కానీ అంతటితో వదిలేస్తే రేపు బ్యాంకు పేరుతోనో ఇంటర్నెట్ కంపెనీ పేరుతోనో ఇంకో ఫోన్ వస్తుంది, మళ్లీ అనుమానమే, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే మీరు ఊ ఊ అని పెట్టేస్తారు.

ముందు ఒక అపోహ పోవాలి. ఇలాంటి ఫోన్లకి కంప్యూటర్ తెలియనివాళ్లే పడిపోతారని మీరు అనుకుంటున్నారు, హర్ష పెట్టిన నవ్వు ఎమోజీ చూశాన్లే. అరండల్‌పేటలో నా షాపుకి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి దిగాలుగా కూర్చునేవాళ్లలో లెక్చరర్లుంటారు, రిటైరైన ఆఫీసర్లుంటారు, బీటెక్ చదివే కుర్రాళ్లూ ఉంటారు. వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. వాళ్లకి ఆధారం చూపించారు, వాళ్లు నమ్మారు. చిక్కంతా అక్కడే. చూపించిన వస్తువు దొంగది కాదు, మన సిస్టమ్‌లో నిజంగా ఉన్నదే. దానికి చెప్పిన అర్థం మాత్రం దొంగది.

మీరే చేసి చూడండి. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. ఎర్ర గుర్తులు, పసుపు త్రికోణాలు బారులు తీరి కనిపిస్తాయి. ఏదో సర్వీసు ఆలస్యంగా మొదలైంది, నెట్ ఒక నిమిషం పోయింది, ప్రింటర్ పలకలేదు, ఇలాంటివన్నీ విండోస్ అక్కడ రాసిపెట్టుకుంటుంది. నిన్న కొన్న సిస్టమ్‌లో కూడా ఉంటాయి. ఫోన్ చేసినవాడు మన చేతే అది తెరిపించి, "చూశారా సార్, ఇవన్నీ వైరస్‌లే, లెక్కపెట్టండి" అంటాడు. ఇంకొకడు కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిపించి అసోక్ (assoc) అని టైప్ చేయిస్తాడు. చివర్లో 888డీసీఏ60 అని మొదలయ్యే పొడుగాటి నంబరు ఒకటి వస్తుంది. "అది మీ కంప్యూటర్ లైసెన్స్ నంబరు, మా రికార్డులో ఉన్నది చదువుతాను, సరిపోయిందో లేదో మీరే చూసుకోండి" అని ఒక్కో అక్షరం చదువుతాడు. సరిపోతుంది మరి! లాస్య సిస్టమ్‌లోనూ, నా షాపులోనూ, ఏ విండోస్‌లో చూసినా ఆ నంబరు అదే. ఇక అక్కడే నెట్‌స్టాట్ (netstat) అని కొట్టిస్తే ఫారిన్ అడ్రస్ అనే వరుస కనబడుతుంది, అంటే మనం తెరిచిన సైట్ల అవతలి చిరునామాలు, వాడేమో విదేశీయులు మీ సిస్టమ్‌లో దూరారంటాడు. దారిన పోయే మనిషి ఎవరో మన గేటు దగ్గర కరెంటు మీటరు తిరుగుతుంటే చూపించి, మీ ఇంట్లో ఎవరో కరెంటు దొంగిలిస్తున్నారండీ అన్నట్టుంటుంది ఇది. మీటరు తిరగడం అబద్ధం కాదుగా!

కాబట్టి ఆధారం నిజమా కాదా అని తేల్చే పని పెట్టుకోకండి. ఆ ఆటలో వాడు రోజూ ఆడేవాడు, మీరు మొదటిసారి ఆడేవాళ్లు. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, అదొక్కటే చూడండి. మనం అడక్కుండా వచ్చిన ఫోన్‌లో కంప్యూటర్ బాగుచేస్తామన్నా, అకౌంట్ ఆగిపోతుందన్నా, సిమ్ కట్ అవుతుందన్నా, పెట్టేయడమే. వాడికి మీ పేరు, అడ్రసు, కార్డు చివరి నాలుగంకెలు తెలిసి ఉండొచ్చు, మన వివరాలు ఎక్కడెక్కడో లీకై అమ్ముడుపోతూనే ఉన్నాయి. ట్రూకాలర్‌లో కంపెనీ పేరు రావచ్చు, వాట్సాప్ డీపీలో లోగో ఉండొచ్చు, ఆ రెండూ ఎవడైనా పెట్టుకోవచ్చు. మర్యాద కోసం "ఒక్క నిమిషం సార్, మా నాన్నగారిని కనుక్కుని చెబుతాను" లాంటి సంజాయిషీలు కూడా అక్కర్లేదు. పెద్దవాళ్లతో మాట్లాడుతూ ఫోన్ కట్ చెయ్యకూడదని మేమే నేర్పాం మీకు. ఇక్కడ మాత్రం కట్ చెయ్యండి.

కొన్నిసార్లు ఫోన్ చేసేది మనమే, అది ఇంకా ప్రమాదం. ప్రింటర్ ఆగిపోయిందని గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతుకుతారు. పైన కనబడేది చాలాసార్లు ప్రకటన, అది పెట్టినవాడు దొంగ కావచ్చు. మనమే ఫోన్ చేశాం కదా అని అనుమానం రాదు. అందుకే నంబరు ఎక్కడిదన్నది కూడా ముఖ్యం. బ్యాంకు నంబరు కార్డు వెనకాల ఉంటుంది, పాస్‌బుక్ మీద ఉంటుంది. ప్రింటర్‌ది దాని పెట్టె మీదో, కంపెనీ సైట్ అడ్రసు మనం స్వయంగా టైప్ చేసి వెళ్తే అక్కడో దొరుకుతుంది. ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో కంపెనీని తిడుతూ పోస్టు పెడితే, కింద "ఈ నంబరుకి కాల్ చెయ్యండి" అని వెంటనే ఊడిపడేవాళ్లు కూడా ఈ బాపతే.

స్క్రీన్ నిండా ఎర్రగా వచ్చి సైరన్ మోగే పేజీ సంగతి చెప్పాలి, చిన్నోడు దానికే భయపడ్డాడట. సినిమాలు డౌన్‌లోడ్ చేసే సైట్ల దగ్గర ఎక్కువ వస్తుంది, ఏ సైట్ అని నేను అడగనులే. సిస్టమ్ లాక్ అయింది, ఆఫ్ చెయ్యొద్దు, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని ఆడగొంతు చదువుతుంటుంది. అది వట్టి వెబ్ పేజీ, బ్రౌజర్‌ని ఫుల్ స్క్రీన్ చేసి కూర్చుంది అంతే. మైక్రోసాఫ్ట్ నిజంగా ఇచ్చే ఎర్రర్‌లలో, హెచ్చరికలలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనబడిందంటేనే అది దొంగదని అర్థం. ముందు సౌండ్ తగ్గించండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, ఫుల్ స్క్రీన్ వదిలితే ట్యాబ్ మూసెయ్యండి. వదలకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి బ్రౌజర్‌ని ముగించండి. అదీ కుదరకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపెయ్యండి, ఏమీ కాదు. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవాలా అని బ్రౌజర్ అడుగుతుంది, వద్దనండి. ఆ తర్వాత మూలన పదే పదే వైరస్ నోటిఫికేషన్లు వస్తుంటే, ఏదో సైట్‌కి ఎప్పుడో అలౌ నొక్కారన్నమాట. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లలోకి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేస్తే సరి.

అసలు నష్టం రిమోట్ యాప్‌తో, అంటే దూరం నుంచే మన సిస్టమ్ చూసి నడిపించే యాప్‌తో మొదలవుతుంది. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ మంచివే, నేనూ కస్టమర్ల పని అలాగే చేసిపెడతాను. కానీ అందులో కనబడే కోడ్ అవతలివాడికి చెప్పి, అడిగినదానికల్లా సరే నొక్కితే మీ స్క్రీన్ వాడి ముందు ఉన్నట్టే. ఆ యాప్ మొబైల్‌లో వేస్తే వచ్చే ఓటీపీ కూడా వాడికి కనబడుతుంది, "నేను ఓటీపీ అడగలేదు కదమ్మా" అని నిజాయితీగానే అంటాడు. 2019 ఫిబ్రవరిలోనే ఎనీడెస్క్‌తో జరుగుతున్న యూపీఐ మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ మిగతా బ్యాంకులని హెచ్చరించింది. ఇన్నేళ్లయినా అదే పద్ధతి నడుస్తోందంటే చూడండి.

వీళ్ల పనుల్లో నాకు ఎక్కువ ఒళ్లుమండేది రీఫండ్ నాటకం. సర్వీస్ ఆపేస్తున్నాం, మీకు 5,000 వాపసు ఇవ్వాలి అని మొదలుపెడతాడు. బ్యాంకు పేజీ తెరిపిస్తాడు, ఏదో చేస్తాడు, చూస్తే 50,000 వచ్చినట్టు కనబడుతుంది. "అయ్యో, ఒక సున్నా ఎక్కువ పడింది, నా ఉద్యోగం పోతుంది, మిగతాది పంపెయ్యండి" అని ఏడుస్తాడు. మంచివాళ్లే పంపేస్తారు, కడుపు రగిలేది అందుకే. బ్యాంకులో పైసా పడలేదు, మన స్క్రీన్ మీద కనబడే అంకెని మార్చాడు, అంతే. బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ నొక్కితే ఏ పేజీలో ఏ అంకెనైనా అలా మార్చొచ్చు. లాస్యా, నీ పదో తరగతి ఫలితాల పేజీలో అలా 600 కి 600 పెట్టుకుని చూడు, రీఫ్రెష్ కొట్టగానే నీ మార్కులు నీకు వచ్చేస్తాయి. ఎప్పుడైనా నిజంగానే ఎవరి డబ్బో మన ఖాతాలో పడితే, బ్రాంచికి వెళ్లి చెబుదాం, వాళ్లే వెనక్కి పంపుతారు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, రావడానికి పిన్ అక్కర్లేదు, ఇది మీకు తెలుసు. నానమ్మకి తెలుసో లేదో ఓసారి అడగండి. వాట్సాప్‌లో చలానా అనీ కేవైసీ అనీ వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) నొక్కకండి, అంతకంటే రాయడానికేం లేదు.

ఇంత చెప్పినా ఇంట్లో ఎవరో ఒకరు కోడ్ చెప్పేశారనుకోండి. ముందు నెట్ తీసెయ్యండి, వైఫై రౌటర్ స్విచ్ ఆపేసినా సరే, మొబైల్ అయితే ఎయిర్‌ప్లేన్ మోడ్. డబ్బు పోయిందని తెలిస్తే వేరే ఫోన్ తీసుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి చెయ్యండి, ఇంకొకరు కార్డు వెనకున్న నంబరుకి బ్యాంకుకి చెయ్యండి, రెండూ ఒకేసారి జరగాలి. పోయిన డబ్బు ఒకచోట ఉండదు, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పరుగెడుతుంది, ఎక్కడో ఒకచోట ఆపాలంటే ఆ మొదటి గంటే ముఖ్యం. లావాదేవీ నంబరు, టైము, ఎంత పోయింది, వాడి ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి, మెసేజ్‌లు భయంతో డిలీట్ చెయ్యకండి. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పు లేకుండా పోతే మూడు పనిదినాల్లో చెబితే నష్టం మనది కాదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మనదే, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. అంటే సిగ్గుపడి సాయంత్రం దాకా దాచిపెట్టిన ప్రతి నిమిషం మన జేబులోంచే పోతుంది. పాస్‌వర్డ్‌లు ఆ సిస్టమ్‌లో కాకుండా వేరేదాంట్లో మార్చండి, మెయిల్‌తో మొదలుపెట్టండి. సిస్టమ్ నాకు పంపితే ఫొటోలు తీసిపెట్టి విండోస్ మళ్లీ వేసిస్తాను. కొన్నాళ్లకి "మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఇంకొకడు చేస్తాడు, వాడూ ఆ ముఠావాడే అనుకోండి.

నానమ్మనిగాని అత్తనిగాని ఇలాంటివాటికి తిట్టకండి. "నీకెందుకమ్మా అవన్నీ" అని ఒకసారి అన్నారంటే రెండోసారి మీకు చెప్పరు, చెప్పకపోతే ఆ గంట పోయినట్టే.

హర్షా, ఇది నీకు ప్రత్యేకంగా. ఇంగ్లీష్ బాగా వస్తే చాలు, రాత్రి షిఫ్టు, అమెరికా వాళ్లతో మాట్లాడాలి, ఇన్సెంటివ్‌లు అని మీ కాలేజీల వైపు కూడా వస్తుంటారు. అందులో నిజమైన ఉద్యోగాలూ ఉన్నాయి, కాదనను. కానీ కంపెనీ పేరు అడిగితే ఒకటి చెప్పి, కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు మైక్రోసాఫ్ట్ అనో అమెజాన్ అనో చెప్పమంటే, ఆ రోజే బయటికి వచ్చెయ్. 2023 అక్టోబర్‌లో ఆపరేషన్ చక్ర-2 పేరుతో సీబీఐ దేశంలో 76 చోట్ల సోదాలు చేసింది. అందులో ఆ రెండు కంపెనీల ఫిర్యాదుల మీద పెట్టిన కేసులు ఇలాంటి కాల్ సెంటర్లవే, టెక్ సపోర్ట్ అని విదేశాల వాళ్లని దోచేవాళ్లవి. హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నవాడు నేను జీతానికి చేశానంటే కేసు పోదు. ఇంకోటి, నీ బ్యాంకు ఖాతా ఓ నెల వాడుకుంటాం, కమిషన్ ఇస్తాం అనే స్నేహితుడు కూడా తగులుతాడు. ఇందాక పరుగెట్టే డబ్బు అన్నానే, అది పరుగెట్టేది అలాంటి ఖాతాల మీదుగానే. ఫిర్యాదు వస్తే పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లింటికి.

ఆదివారం ముగ్గురూ కూర్చుని నానమ్మ ఫోన్‌లో 1930 సేవ్ చెయ్యండి, బ్యాంకు నంబరు కార్డు చూసి ఎక్కించండి, ఎనీడెస్క్ లాంటివి ఉంటే తీసెయ్యండి, కాల్ ఫార్వర్డింగ్, అంటే తనకొచ్చే కాల్స్ వేరే నంబరుకి మళ్లించడం, ఎవరి నంబరుకైనా పెట్టి ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. నా గొంతుతో ఎవరైనా "పెదనాన్నని, ఆ యాప్ వేసి కోడ్ చెప్పు" అన్నా, నేనే నిజంగా అన్నా, పెట్టేసి మీరే నాకు చెయ్యండి, నేనేమీ అనుకోను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపు మూసి ఉంటుంది, అప్పుడైతే ఇంటి నంబరుకి చెయ్యండి, పెద్దమ్మ ఎత్తుతుంది.

మీ పెదనాన్న,
గుంటూరు