ఆపరేటర్ దగ్గరే ఆగిపోయే దర్యాప్తు

2025 జూన్ 30న హైదరాబాద్ శివార్లలోని పాశమైలారంలో, ఔషధ పరిశ్రమకు ముడిసరుకు తయారుచేసే కర్మాగారం పేలి 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. ఇలాంటి దుర్ఘటన ఎక్కడ జరిగినా ముందుగా వినిపించేది తప్పు ఎవరిదన్న ప్రశ్నే. అది చాలదని భద్రతా శాస్త్రం ఎనభై ఏళ్లుగా చెబుతోంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా బి-17 బాంబర్ విమానాల పైలట్లు క్షేమంగా నేల మీద దిగాక కూడా, ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌ను పరిశీలిస్తే ఆ రెండు మీటలూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం బిగించి, ఫ్లాప్ మీటకు వేరే ఆకారపు పిడి పెట్టారు. ఇక చీకట్లో తడిమినా ఏది ఏదో తెలిసేది.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో పీడనం తగ్గించే వాల్వు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ప్యానెల్ మీది దీపం మాత్రం, వాల్వు మూసుకుందన్నట్టు, ఆరిపోయింది. వాల్వు మూసుకోవాలన్న ఆదేశం వెళ్లిందని చెప్పడమే ఆ దీపం పని, నిజంగా మూసుకుందో లేదో దానికి తెలియదు. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ను చల్లబరిచే నీరు బయటికి పోతూనే ఉంది. దీపాన్ని నమ్మిన ఆపరేటర్లను తప్పుపట్టడం నా దృష్టిలో అన్యాయం.

1984లో భోపాల్ విషవాయువు మన కళ్లు తెరిపించింది. అక్కడ శీతలీకరణ యంత్రాన్ని ముందే ఆపేశారు, వాయువును మండించే గొట్టం మరమ్మతులో ఉంది. ఆ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదం ముంచుకొస్తోందని హెచ్చరించే హక్కును కార్మికులకిచ్చారు.

2004లో స్వీడన్‌లోని సోడర్‌షోపింగ్‌లో ఎరిక్ హోల్నాగెల్, డేవిడ్ వుడ్స్ తదితర భద్రతా పరిశోధకులు సమావేశమై ఈ ఆలోచనను మరో మలుపు తిప్పారు. ప్రమాదం జరిగిన రోజుతో పాటు, జరగని రోజుల్నీ చదవాలన్నారు. రాతలో ఉన్న పద్ధతికీ చేతిలో ఉన్న పనికీ మధ్య ఎప్పుడూ ఎడం ఉంటుంది. పంపు మొరాయిస్తుంది, మనిషి తక్కువవుతాడు. ఆ ఎడాన్ని పూడుస్తున్నది షిఫ్టులో ఉన్నవారి సర్దుబాట్లే.

జీడిమెట్లలో, బొల్లారంలో, పటాన్‌చెరులో రాత్రి షిఫ్టు కార్మికుడికి రసాయన రియాక్టర్ చప్పుడులో తేడా ముందే తెలియవచ్చు. కానీ కాంట్రాక్టు మీద ఉన్నవాడు, ఉద్యోగం పోతుందన్న భయంతో, ఆ మాట ఎవరికి చెబుతాడు? అమెరికా విమానయానంలో 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లను నాసాకు గోప్యంగా తెలియజేస్తున్నారు. మన పారిశ్రామికవాడల కార్మికులకూ, వారి భాషలోనే, అలాంటి ఏర్పాటు కావాలి.