370 ప్రశ్నల నుంచి ఒక ఆహ్వానం దాకా: ఇంగ్లండ్ కతోలిక ప్రాథమిక బడుల్లో మతపాఠం

"నిన్ను సృష్టించింది ఎవరు?" "దేవుడు నన్ను సృష్టించాడు." ఇంగ్లండ్‌లో కతోలిక బడికి వెళ్లిన పిల్లలు తరతరాలుగా కంఠతా పట్టిన మొదటి ప్రశ్న, మొదటి జవాబు ఇవే. పెన్నీ సత్యోపదేశం (పెన్నీ క్యాటకిజం) అని పేరుపడిన ఆ చిన్న పుస్తకంలో మొత్తం 370 ప్రశ్నలు. విచారణ గురువో (స్థానిక చర్చి ఫాదరో), మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) పంపిన తనిఖీ అధికారో వచ్చి పిల్లల్ని నిలబెట్టి అడిగేవారు. తడుముకోకుండా చెబితే మతపాఠం వచ్చినట్టే.

ఈ బడులు పేదల కోసం పుట్టాయి. 1840ల ఐర్లండ్ కరువుకు తాళలేక లివర్‌పూల్, మాంచెస్టర్, లండన్ చేరిన కూలి కుటుంబాలతో అక్కడి కతోలిక జనాభా ఒక్కసారిగా పెరిగింది. 1847లో కతోలిక పేదల బడుల సంఘం ఏర్పడింది. 1852లో ఆస్కాట్‌లో సమావేశమైన మేత్రాణులు (బిషప్పులు) గుడి కన్నా ముందు బడి కట్టాలన్నారు. 1870 విద్యా చట్టం తర్వాత ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు మతపాఠం జోలికి రావడం మానేశారు. దాన్ని పరీక్షించే భారమంతా కతోలిక సభ (చర్చి) మీదే పడింది. 1944 చట్టం ఉపాధ్యాయుల జీతాలకు, కట్టడాల ఖర్చులో సగానికి ప్రభుత్వం పూచీ పడే ఎయిడెడ్ పద్ధతి తెచ్చినా, మతపాఠంలో ఏం చెప్పాలన్నది మేత్రాణుల చేతిలోనే ఉంది.

ప్రపంచ కతోలిక మేత్రాణులు కూడిన రెండవ వాటికన్ మహాసభ (1962–65) గాలికి బట్టీ పద్ధతి కూలింది. పిల్లల అనుభవం నుంచి, ఇల్లు, స్నేహం, పుట్టినరోజు పండుగ నుంచి దేవుడి దగ్గరకు నడిపించాలన్నారు. అది మంచి మార్పే. కానీ పదేళ్ల పిల్లలకు దివ్యబలిపూజలోని (మాస్‌లోని) భాగాల పేర్లు కూడా తెలియడం లేదని తల్లిదండ్రులు బాధపడితే ఆ బాధలోనూ నిజముంది.

1988లో జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చాక, మతపాఠం వచ్చిందో లేదో ఎలా తేల్చాలన్న ప్రశ్న కొత్త రూపం తీసుకుంది. గణితానికీ ఇంగ్లీషుకూ స్థాయిలు, పరీక్షలు వచ్చాయి. మతవిద్య ఆ ప్రణాళికకు బయటే ఉంది. అలాగని వదిలేస్తే బడిలో దాని పరువు పోతుంది. అందుకే బోధన సమయంలో పదో వంతు, అంటే వారానికి సుమారు రెండున్నర గంటలు, ప్రార్థన సమయం లెక్కలోకి రాకుండా దీనికివ్వాలని మేత్రాణులు పట్టుబట్టారు. 1996లో, ఏం నేర్పాలో చెప్పే పాఠ్య నిర్దేశిక తెచ్చారు. తర్వాత స్థాయిలూ వచ్చాయి. మొదటి స్థాయి పిల్లవాడు కథను గుర్తుపడతాడు, రెండో స్థాయిలో తిరిగి చెబుతాడు, మూడో స్థాయిలో సంబంధాలు కలుపుతాడు.

ఇల్లు విడిచిపోయి తిరిగొచ్చిన కొడుకును తండ్రి క్షమించే బైబిలు కథ, తప్పిపోయిన కుమారుడి కథనే తీసుకోండి. దాన్ని తిరిగి చెప్పడానికి మార్కు వేయొచ్చు. పాపసంకీర్తనంతో (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడంతో) దానికున్న సంబంధం వివరిస్తే ఇంకా పై స్థాయి ఇవ్వొచ్చు. ఆ పిల్లవాడు సాయంత్రం ఇంటికెళ్లి తమ్ముణ్ని క్షమించాడా అన్నది ఏ టీచరూ కొలవలేరు, కొలవకూడదు కూడా. కొలిచేది విశ్వాసాన్ని కాదని సభ పత్రాలు స్పష్టంగానే చెప్పాయి. అయినా 'మతం గురించి నేర్చుకోవడం' పక్కన 'మతం నుంచి నేర్చుకోవడం' అనే రెండో లక్ష్యం పెట్టి దానికీ స్థాయిలు గీశారు. నా దృష్టిలో చిక్కంతా అక్కడే వచ్చింది. పిల్లవాడు మనసులో మాట రాస్తే దానికి అంకె తగిలించాల్సి వచ్చింది.

మన దగ్గర చాలా మిషనరీ బడుల్లో మతపాఠం పీరియడ్‌కు కతోలిక పిల్లలు సత్యోపదేశానికి, మిగతావారు నీతిబోధకు వెళ్తారు. ఇంగ్లండ్‌లో మాత్రం తల్లిదండ్రులు వద్దంటే తప్ప తరగతి మొత్తం ఒకే పాఠం వింటుంది. కతోలికులు కాని పిల్లలు చాలామందే ఉంటారు. ముస్లిం అమ్మాయి సువార్త కథను అందరికన్నా బాగా వివరిస్తే పై స్థాయి ఆమెదే. అదే న్యాయం.

2014లో జాతీయ ప్రణాళిక స్థాయిలను ఎత్తేయడంతో మతవిద్యలోనూ కొత్త కొలమానం వెతకాల్సి వచ్చింది. 2023 నాటి కొత్త నిర్దేశిక ఏడాది పాఠాన్ని ఆరు శాఖలుగా పంచి, ఆరో శాఖను ఇతర మతాలతో సంభాషణకు ఇచ్చింది. ప్రతి శాఖలోనూ గ్రహించడం, వివేచించడం, స్పందించడం అని మూడు దారులున్నాయి. మొదటి రెండింటి కింద పిల్లలు ఏం 'చేయగలగాలో' రాసి ఉంటుంది. మూడోదాని కింద మాత్రం పిల్లల్ని స్పందించమని 'ఆహ్వానిస్తాం' అని ఉంటుంది.