ముందు లోలకం దగ్గరికి వెళ్ళండి

పిల్లల్ని తీసుకుని పెద్ద సైన్సు మ్యూజియానికి బయలుదేరేవాళ్ళు తరచుగా అడిగే మాట: "ఒక్క రోజులో అన్నీ చూడగలమా?" చూడలేరు. ఆ ప్రయత్నమే వద్దు. టికెట్లు, సెలవులు, ప్లానెటేరియం షో వేళలు ముందురోజు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకుంటే సరిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. అక్కడ ఫూకో లోలకం ఉందేమో కనుక్కోండి. పొడవాటి తీగకు వేలాడే గుండు ఊగే దిశ మెల్లగా తిరుగుతూ, భూమి తిరుగుతోందని చూపించేది అది. ఉంటే రోజంతా దాన్ని బట్టే నడవాలి. తలుపులు తెరవగానే దాని దగ్గరికి, భోజనానికి ముందు మళ్ళీ, ఇంటిదారి పట్టేముందు ఇంకోసారి. ఈ మధ్యలో మిగతా హాళ్ళలో రెండో మూడో, పిల్లలు కోరుకున్నవి, తీరిగ్గా చూడవచ్చు.

మిగతా ప్రదర్శనలు మీట నొక్కగానే జవాబిస్తాయి. లోలకం గంటలు తీసుకుంటుంది. 20 మీటర్ల తీగకు వేలాడే గుండు మధ్యనుంచి అటు మీటరు, ఇటు మీటరు ఊగుతోందనుకోండి. ఒకసారి వెళ్ళి రావడానికి 9 సెకన్లు పడుతుంది. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఆ 9 సెకన్లలో ఊగే గీత (గుండు అటూ ఇటూ వెళ్ళే దారి) అంచు పక్కకి జరిగేది మిల్లీమీటరులో మూడోవంతు. రెండు నిమిషాలు నిలబడితే 4 మిల్లీమీటర్ల పైచిలుకు. జనం సరిగ్గా ఆ రెండు నిమిషాలే నిలబడి, ఏమీ జరగలేదని వెళ్ళిపోతారు. గంట తర్వాత వస్తే గీత 7.5 డిగ్రీలు తిరిగి, అంచు 13 సెంటీమీటర్లు జరిగి ఉంటుంది. చిన్నపిల్లలకైనా కనిపించే తేడా అది.

1851లో ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త లేయాన్ ఫూకో పారిస్‌లోని పాంథెయాన్ అనే భవనం గోపురం కింద 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు కట్టి ఊపాడు. భూమి తిరుగుతోందని చదువుకున్నవాళ్ళకి అప్పటికే తెలుసు. అతను చూపించింది వేరు: ఆకాశం వైపు చూడకుండా, నాలుగు గోడల మధ్యే ఆ సంగతి తేల్చవచ్చని. బడిలో భూభ్రమణానికి రుజువుగా రాత్రీ పగలూ చెబుతారు. సూర్యుడే భూమి చుట్టూ తిరిగినా రాత్రీ పగలూ వస్తాయి కాబట్టి అది రుజువు కాదు. తెలివైన పిల్ల ఈ ప్రశ్న వేస్తే కసరకండి, లోలకం చూపించండి.

వెళ్ళేముందు ఫోన్ మ్యాపులో మ్యూజియం అక్షాంశం చూసి రాసుకోండి, పిల్లలకి మాత్రం చెప్పకండి. ఒక నోట్‌బుక్కు, పెన్సిలు, కోణమానిని, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు.

మొదటి పని తీగ పొడవు కనుక్కోవడం, పైకి ఎక్కకుండానే. పది పూర్తి ఊపులకు పట్టిన కాలం కొలిచి పదితో భాగించండి. వచ్చిన సెకన్లను వర్గం చేసి నాలుగుతో భాగిస్తే పొడవు మీటర్లలో వస్తుంది. 90 సెకన్లు పడితే ఒక ఊపుకు 9, వర్గం 81, పొడవు సుమారు 20 మీటర్లు. గుండు చివరన దాదాపు ఆగినట్టుంటుంది కాబట్టి అక్కడ వాచీ నొక్కితే క్షణం తెలియదు. మధ్యలో వేగంగా దాటేటప్పుడు నొక్కాలి, ఎప్పుడూ ఒకే దిశలో దాటినప్పుడు లెక్కపెట్టాలి. పిల్లలు చేసే పొరపాట్లు రెండు. వాచీ నొక్కుతూనే "ఒకటి" అంటారు. "సున్నా" అనాలి, లేకపోతే తొమ్మిది ఊపులే కొలిచి పది అనుకుంటారు, 20 మీటర్లు 16గా తేలుతుంది. సగం ఊపును పూర్తి ఊపుగా లెక్కిస్తే పొడవు నాలుగోవంతే వస్తుంది.

రెండో పని గీతను గుర్తుపెట్టుకోవడం. రెయిలింగు దగ్గర ఒక చోటు ఎంచుకుని, గుండు చివరికి వచ్చిన క్షణాన ఫోటో తీయండి. రెయిలింగు కమ్మీ, నేలమీది డిగ్రీల గుర్తు, రెండూ ఫోటోలో పడాలి. మళ్ళీ వచ్చినప్పుడు అదే చోట, అదే జూమ్‌తో తీయాలి. చోటు మారితే కోణం మారినట్టు కనిపించి లెక్క చెడుతుంది. కొన్నిచోట్ల గుండ్రంగా చిన్న పుల్లలు నిలబెడతారు, గుండు ఒక్కొక్కటే పడగొడుతుంది. అయిదేసి డిగ్రీల ఎడంలో ఉంటే 30 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక్కో చివర 40 నిమిషాలకొకటి పడుతుంది. గుండు రెండు చివరలా పడగొడుతుంది కాబట్టి, గీత సగం చుట్టు తిరిగేసరికే పుల్లలన్నీ అయిపోతాయి.

తిరిగిన డిగ్రీలను గంటలతో భాగించండి, దాన్ని 15తో (భూమి గంటకు తిరిగే డిగ్రీలతో) భాగించండి. ఆ సంఖ్య ఏ కోణానికి సైన్ (త్రికోణమితిలోని sin) అవుతుందో కాల్‌క్యులేటర్‌లో sin⁻¹ నొక్కి చూస్తే అదే మీరున్న చోటి అక్షాంశం. నాలుగు గంటల్లో 30 డిగ్రీలు తిరిగితే గంటకు 7.5, పదిహేనుతో భాగిస్తే 0.5, అక్షాంశం 30. చేతి కొలతలో రెండు డిగ్రీల తప్పు ఎలాగూ ఉంటుంది. అరగంటకే కొలిస్తే తిరిగినదాంట్లో సగానికి పైగా తప్పే. నాలుగు గంటల తర్వాత అది 7 శాతం. పొద్దున్నే వెళ్ళమన్నది అందుకే.

ఈ సైన్ ఎక్కడిది? చాలా పుస్తకాలు "లోలకం ఊగే తలం కదలదు, కింద భూమి తిరుగుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది ధ్రువాల దగ్గరే నిజం. అన్నిచోట్లా నిజమైతే గీత ఎక్కడైనా 23 గంటల 56 నిమిషాల్లో చుట్టు పూర్తిచేయాలి. 30 డిగ్రీల దగ్గర దాదాపు 48 గంటలు పడుతుంది. కుమ్మరి సారె మీద కుండను బోర్లించి తిప్పుతున్నారనుకోండి. కుండ నడినెత్తిన నిలబడ్డ చీమ కదలకుండానే తనచుట్టూ తాను తిరుగుతుంది. కుండ నడుముకు అంటుకున్న చీమ పెద్ద చుట్టు తిరుగుతుంది గానీ, దానికి "పైకి" అంటే కుండనుంచి బయటికి. ఆ దిక్కు చుట్టూ దాని కాళ్ళ కింది నేల ఏమాత్రం తిరగదు. ఈ రెండో చీమ భూమధ్యరేఖ దగ్గరి లోలకం, దాని గీత కదలనే కదలదు. మధ్యలో ఉన్న చీమకు కొంత ఆ తిరుగుడు, కొంత ఈ తిరుగుడు. తనచుట్టూ తాను తిరిగే వాటా ఎంతో చెప్పేదే అక్షాంశపు సైన్: భూమి కోణీయ వేగంలో నిట్టనిలువు దిశలోని అంశం. కుండను దక్షిణం వైపునుంచి, అంటే కిందనుంచి చూస్తే తిరిగే దిశ ఎదురవుతుంది. అందుకే ఉత్తరార్ధగోళంలో గీత గడియారపు ముల్లు దిశలో, దక్షిణార్ధగోళంలో దానికి ఎదురుదిశలో జరుగుతుంది.

ఇదంతా ఇంట్లో మీటరు దారంతో ఎందుకు చేయకూడదు? చేస్తే గీత తిరుగుతుంది, కానీ భూమి వల్ల కాదు. గుండు తిన్నగా కాక సన్నని దీర్ఘవృత్తంలో (సాగదీసిన సున్నా లాంటి దారిలో) ఊగితే, ఆ దీర్ఘవృత్తం తనంతట తానే తిరుగుతుంది. ఆ వేగం దీర్ఘవృత్తపు పొడవు, వెడల్పుల లబ్ధాన్ని బట్టి పెరుగుతుంది, తీగ పొడవు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. మీటరు దారం, 10 సెంటీమీటర్ల ఊపు, ఒక్క మిల్లీమీటరు పక్కదారి చాలు: ఆ దొంగ తిరుగుడు భూమి తిరుగుడును మించిపోతుంది. 20 మీటర్ల తీగకు, మీటరు ఊపుకు అదే మిల్లీమీటరు తప్పు భూభ్రమణ వేగంలో ఒక శాతం కూడా ఉండదు. మ్యూజియం ఎత్తైన గోపురం ఇచ్చే మేలు ఇదే.

ఆ గోపురం కింద కూడా జాగ్రత్తలు తప్పవు. గాలి ఊపును తగ్గిస్తుంది కాబట్టి విద్యుదయస్కాంతంతో ప్రతి ఊపుకూ కాస్త శక్తి అందిస్తారు. అయస్కాంతం నడిమధ్యన లేకపోతే గుండుకు పక్కతోపు తగిలి దీర్ఘవృత్తం పుడుతుంది. తీగను పట్టే బిగింపు అన్ని దిక్కులా ఒకేలా వంగకపోయినా అంతే. దీన్ని అణచడానికి తీగ పైభాగాన షారాన్ ఉంగరం అమర్చేవాళ్ళున్నారు. తీగ చివరికి ఊగినప్పుడల్లా ఉంగరాన్ని తాకుతుంది, ఆ రాపిడికి పక్కచలనం చచ్చిపోతుంది. మీ లెక్క బాగా తప్పితే గుండు నడిచుక్క మీదుగా పోతోందో, పక్కనుంచి పోతోందో గమనించండి. పక్కనుంచి పోతుంటే తప్పు మీ కొలతది కాకపోవచ్చు.

దారానికి ఉంగరం కట్టి నేలలో నీళ్ళున్నాయనీ, కడుపులో బిడ్డ ఆడో మగో అనీ చెప్పేవాళ్ళున్నారు. అక్కడ ఊపేది చెయ్యి. మనకు తెలియకుండానే కండరాలు చేసే అలాంటి కదలికలకు శరీరధర్మ శాస్త్రవేత్త విలియం కార్పెంటర్ 1852లో, ఫూకో ప్రయోగం జరిగిన మరుసటేడే, శాస్త్రీయమైన పేరు పెట్టాడు. దారాన్ని చేత్తో పట్టుకోకుండా కొక్కేనికి కట్టమనండి, ఆ జోస్యం ఆగిపోతుంది.

మీరు వెళ్ళినరోజు లోలకం ఆపేసి ఉంటే, మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారో సిబ్బందిని అడగండి. గుండును పక్కకు లాగి దారంతో కట్టి, వణుకంతా తగ్గేదాకా ఆగి, ఆ దారాన్ని కాల్చి వదలడం ఫూకో నాటి పద్ధతి. చేత్తో వదిలితే వేళ్ళు ఇచ్చే కొద్దిపాటి పక్కతోపే దీర్ఘవృత్తానికి చాలు. ఇప్పటికీ అలాగే వదిలే మ్యూజియం అయితే, దానికోసం ఒక హాలు వదులుకున్నా నష్టం లేదు.