నడుం నొప్పికి తల మీద కరెంటు, చెయ్యని ఎక్సర్‌సైజు: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఇవాళ్టికి మిషన్ ఒక్కటి పెట్టి పంపించెయ్యండి, ఎక్సర్‌సైజులు ఇంటికెళ్లి చేసుకుంటా." ఈ ఒక్క వారంలో ఈ మాట నలుగురి నోట విన్నాను. నాలుగోసారి నవ్వు కూడా రాలేదు, అందుకే ఈ పోస్టు. నేను ఫిజియోథెరపిస్టుని. మూడు నెలలు దాటినా తగ్గని నడుం నొప్పులే రోజంతా చూస్తుంటాను. వాళ్లలో కొందరికి ఎక్సర్‌సైజుతో పాటు టీడీసీఎస్ కూడా పెడతాం, అదే, తల మీద రెండు తడి స్పాంజి ప్యాడ్లు కట్టి సన్నగా కరెంటు పంపే మిషన్. కొన్నిచోట్ల ఆర్‌టీఎంఎస్ వాడతారు, అంటే తల దగ్గర కాయిల్ పెట్టి అయస్కాంత శక్తితో మెదడుని ప్రేరేపించే మిషన్. ఏది వాడినా జనం అపోహలు మాత్రం ఒకటే.

అపోహ: మిషన్ పెడితే తగ్గుతుంది, ఎక్సర్‌సైజు కుదిరితే చూద్దాం

జనానికి డబ్బు, టైమ్, ఓపిక మూడూ పోయేది దీనివల్లే. పది సిట్టింగులు మిషన్ పెట్టుకుని పడుకుని, పదకొండో రోజు "ఏం గుణం కనపడలేదండీ" అని నీరసంగా వచ్చేవాళ్లని చూస్తే వాళ్ల మీద కోపం రాదు. ఒక్క సిట్టింగుకే లేచి పరిగెత్తినట్టు వీడియోలు తీసి ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద వస్తుంది.

మిషన్ పంపేది 1 నుంచి 2 మిల్లీ ఆంపియర్లు, మామూలుగా 20 నిమిషాలు. నాడీకణం చేత బలవంతంగా సిగ్నల్ పంపించేంత శక్తి ఆ కరెంటుకి లేదు. పని వచ్చినప్పుడు కణం కాస్త తేలిగ్గా స్పందించేలా చేస్తుంది, అంతే. 2000లో నిట్షే, పౌలస్ అనే జర్మనీ పరిశోధకులు మోటార్ కార్టెక్స్ (కదలికలని నడిపించే మెదడు భాగం) మీద చూపించింది ఇదే, కరెంటు ఆపేశాక కూడా ఆ మార్పు కాసేపు నిలిచింది. సరే, ఆ కాసేపూ మీరు కళ్లు మూసుకుని పడుకుంటే కణాలు స్పందించడానికి పనేది? నేల మంచి పదునులో ఉండగా విత్తనం వెయ్యకుండా గట్టు మీద కూర్చున్నట్టే. అందుకే మిషన్ ఆన్‌లో ఉండగానో, తీసిన వెంటనేనో ఎక్సర్‌సైజు చేయిస్తాం. సాయంత్రం ఇంట్లో చేస్తే ఎక్సర్‌సైజు లాభం ఎక్కడికీ పోదు, మిషన్ తోడు మాత్రం అప్పటికి ఉండదు.

ఇంకో సంగతి. మాటిమాటికీ నడుం నొప్పి వచ్చేవాళ్లలో పొట్ట లోపలి కండరాన్ని నడిపించే మెదడు భాగం కాస్త పక్కకి జరిగి ఉంటుందని 2008లో చావో, హాడ్జెస్ అనే పరిశోధకుల బృందం చూపించింది. రెండేళ్ల తర్వాత వాళ్లే, ఆ కండరాన్ని విడిగా బిగించడం రెండు వారాలు నేర్పిస్తే ఆ భాగం మామూలు చోటు వైపు తిరిగి జరిగిందని చూపించారు. అక్కడ తలకి కరెంటు పెట్టలేదు. నేర్చుకోవడమే మెదడుని మార్చింది.

ట్రయల్స్ మాటేంటని అడిగేవాళ్లకి: 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 135 మంది మీద చేసిన ట్రయల్ వచ్చింది. ముందు అయిదు రోజులు టీడీసీఎస్ పెట్టి, తర్వాత కాగ్నిటివ్ బిహేవియరల్ ప్రోగ్రాం, అంటే నొప్పి గురించిన ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే శిక్షణ, చేయించారు. ఉత్తుత్తి కరెంటు పెట్టినవాళ్లకీ నిజం కరెంటు పెట్టినవాళ్లకీ తేడా రాలేదు. ఎక్సర్‌సైజుతో కలిపి చేసినవి చాలావరకు చిన్న ట్రయల్స్, కొన్నిట్లో అదనపు లాభం కనిపించింది, కొన్నిట్లో లేదు. అదే ఎక్సర్‌సైజు సంగతి చూడండి. 249 ట్రయల్స్‌ని పరిశీలించిన 2021 కాక్రేన్ రివ్యూలో (కాక్రేన్ అంటే ట్రయల్స్‌ని వడపోసి చూసే అంతర్జాతీయ సంస్థ), ఏ చికిత్సా లేనివాళ్లతోనో మామూలు చికిత్సో ఉత్తుత్తి చికిత్సో తీసుకున్నవాళ్లతోనో పోలిస్తే 100 పాయింట్ల స్కేలు మీద నొప్పి సుమారు 15 పాయింట్లు తగ్గింది. గోడ ఎక్సర్‌సైజు, మిషన్ దాని మీద వేసే పూత. పూత నిలుస్తుందా లేదా అన్న వాదన ఇంకా నడుస్తోంది, గోడే లేకపోతే ఆ వాదనకి కూడా అర్థం లేదు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. కొత్తలో ఒకాయన వచ్చారు, యాభై దాటిన మనిషి, ఎనిమిదేళ్ల నొప్పి. వంగితే డిస్క్ జారిపోతుందని ఎవరో చెప్పారట, అప్పట్నుంచి వంగడమే మానేశారు. ఆ భయం చూసి జాలేసి, ముందు మిషన్‌తో కాస్త తగ్గనిద్దాం, ఎక్సర్‌సైజు తర్వాత మొదలుపెడదాం అనుకున్నా. ఎనిమిది సిట్టింగులు అలాగే గడిచాయి. ఎనిమిదో రోజు తలకి కట్టిన పట్టీ తీస్తుంటే ఆయన చొక్కా జేబులోంచి తాళంచెవి కిందపడింది. ఆయన దానివంక చూశారు, తర్వాత నావంక చూశారు. నేనే వంగి తీసిచ్చాను. ఆ చూపు ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

మర్నాడు పట్టీ కట్టగానే కుర్చీలోంచి పదిసార్లు లేవమన్నా. తర్వాత ఎత్తు స్టూలు మీద మడిచిన తువ్వాలు పెట్టి, పిరుదులు వెనక్కి తోసి, మోకాళ్లు కాస్త వదులుగా ఉంచి, వంగి తీసుకోమన్నా. ఊపిరి బిగబట్టేశారు, చెయ్యి సన్నగా వణుకుతోంది, "గాలి వదలండి సార్, పర్లేదు" అంటూ పక్కనే నిలబడ్డా. తర్వాత స్టూలు ఎత్తు తగ్గిస్తూ వచ్చాం. నాలుగో వారంలో ఒకరోజు ఆయనే తాళంచెవి నేలమీద పడేసి, వంగి తీసుకుని, మళ్లీ పడేసి మళ్లీ తీశారు. నొప్పి పదికి ఏడు నుంచి నాలుగుకి వచ్చింది, సున్నాకి రాలేదు. అందులో కరెంటు వాటా ఎంత, తువ్వాలు వాటా ఎంత అంటే లెక్క తేల్చలేను. మిషన్ ఒక్కటే పెట్టిన ఎనిమిది రోజుల్లో మాత్రం ఆ ఏడు కదల్లేదు.

అపోహ: తలకి పెడుతున్నారంటే నా నొప్పి ఉత్తదే అంటున్నట్టు

కాదమ్మా, కాదు. ఈ మాట అడుగుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, ఇంట్లోవాళ్లు "అంతా నీ భ్రమ" అని అని అని విసిగించి ఉంటారు. కాలు విరిగినా నొప్పి తెలిసేది మెదడు వల్లే. ఏళ్ల తరబడి నొప్పి ఉంటే నరాల వ్యవస్థ చిన్నదానికే పెద్దగా అరవడం నేర్చుకుంటుంది, ఆ అలవాటు తప్పించడానికే ఈ తంటా అంతా. మీ నొప్పి నిజం.

అపోహ: ఇది షాక్ ట్రీట్‌మెంట్

షాక్ ట్రీట్‌మెంట్ అంటే ఈసీటీ. అందులో మత్తు ఇచ్చి, కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు, అక్కడ కరెంటు వందల మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. ఇక్కడ 2. మీరు మెలకువగా కూర్చుని నాతో మాట్లాడుతూనే ఉంటారు. చీమలు పాకినట్టు చురచుర, కొంచెం దురద, ఒక్కోసారి తలనొప్పి.

అపోహ: ఎం.ఆర్.ఐ.లో డిస్క్ ఉబ్బింది, ఎక్సర్‌సైజు చేస్తే ఇంకా పాడవుతుంది

ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్లని కలిపి చూసిన 2015 రివ్యూ లెక్క ఇది: 20 ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్, అదే డిస్క్ ఉబ్బు, ఉంది. రిపోర్టులో బల్జ్ అన్న మాట ఒక్కటే చూసి మంచం ఎక్కకండి.

అపోహ: కరెంటు పెంచితే తొందరగా తగ్గుతుంది, మిషన్ ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే ఇంకా మంచిది

పెంచినకొద్దీ ఫలితం పెరగదు, డోసు పెంచితే ప్రభావం తిరగబడిన ప్రయోగాలూ ఉన్నాయి. ఇక స్పాంజి ఆరిపోతే చర్మం కాలుతుంది. ఒకసారి నేనే సెలైన్ తక్కువ పోశాను, పేషెంటు "మండుతోంది" అంటుంటే మామూలు చురచురే అనుకున్నా, తీసి చూస్తే నుదుటి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. రోజూ ఇదే పనిలో ఉన్న నాకే అలా జరిగింది. పేస్‌మేకర్, వినికిడి కోసం చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్, తలలో లోహపు ముక్క, ఫిట్స్ చరిత్ర, వీటిలో ఏది ఉన్నా మిషన్ దగ్గర కూర్చోకముందే చెప్పండి.

ఇది అపోహ కాదు గానీ చెప్పకుండా వదల్లేను. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతూ వస్తున్నా నా దగ్గరికి రాకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. జ్వరంతో వచ్చే నొప్పికీ, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే వచ్చే నొప్పికీ, ఇంతకుముందు క్యాన్సర్ ఉన్నవాళ్ల కొత్త నొప్పికీ ముందు డాక్టర్ చూడాలి, మిషన్ అయినా ఎక్సర్‌సైజు అయినా ఆ తర్వాతే.