పెద్దవాళ్లతో సినిమా పని: అపోహలు - వాస్తవాలు

అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తున్నానని తెలిస్తే చాలు, "హీరోతో రోజూ మాట్లాడతావా అన్నా?" అని అడుగుతారు. ఇదే నమ్మకంతో ఊళ్ల నుంచి పిల్లలు హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌కి వచ్చేస్తున్నారు కాబట్టి కొన్ని విషయాలు సూటిగా రాస్తున్నాను.

అపోహ: పెద్ద హీరో సినిమాలో చేరితే ఆయనకు దగ్గరైపోవచ్చు.

వాస్తవం: కొత్తవాళ్ల చేతికి వచ్చేది క్లాప్ బోర్డు, కంటిన్యుటీ పుస్తకం. వాచీ ఏ చేతికుంది, చొక్కా చేతులు ఎంతవరకు మడిచారు, గ్లాసులో నీళ్లు ఎంత ఉన్నాయి, అన్నీ రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే అదే సీన్‌లో మిగతా షాట్లు పది రోజుల తర్వాత ఇంకో చోట తీయొచ్చు. హీరోతో మనం మాట్లాడేది చాలాసార్లు "సార్, షాట్ రెడీ" వరకే. ఆయన డైలాగ్ మీద మనసు పెట్టి కూర్చున్నప్పుడు వెళ్లి కదిలించకపోవడమే మర్యాద.

అపోహ: అభిమానులు సెట్‌లో పనికిరారు.

ఇది నేను అస్సలు ఒప్పుకోను. సెల్ఫీ కోసం తిరిగేవాళ్ల సంగతి వదిలేయండి. ఒక నటుణ్ణి చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగినవాడికి ఆయన డైలాగ్‌లో ఎక్కడ ఆగుతారో, ఏ మాట మీద బరువు పెడతారో తెలుసు. ప్రాంప్టింగ్ ఇచ్చేటప్పుడు, అంటే షాట్‌లో నటుడికి పక్కనుంచి డైలాగ్ అందించేటప్పుడు, ఆ విరామం వదిలి మాట అందించడం వాడికి తొందరగా పట్టుబడుతుంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారిని చూడండి. 1966లో తనతో మొదటి సినిమా పాట పాడించిన సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి గారి మీద ఎంత గౌరవమంటే, తర్వాత సొంతంగా పెట్టుకున్న రికార్డింగ్ స్టూడియోకి ఆయన పేరే పెట్టారు. అంత అభిమానం గుండెల్లో పెట్టుకునే వేల పాటలు పాడారు.

అపోహ: గొప్ప దర్శకులు కింది పనులు చేసి ఉండరు.

వాస్తవం: కె. విశ్వనాథ్ గారు మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో మొదలయ్యారు. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర పని చేసి, 'ఆత్మగౌరవం'తో దర్శకుడయ్యారు. 2016 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న ఆ మనిషి సెట్‌లో ఖాకీ బట్టలు వేసుకునేవారు, తానూ యూనిట్‌లో ఒక కార్మికుణ్ణే అని. నాకు ఆయన సినిమాలంటే ఎంత ఇష్టమో ఆ ఖాకీ చొక్కా అన్నా అంత ఇష్టం.

అపోహ: ఒక పెద్ద సినిమా చేస్తే చాలు, అవకాశాలు వాటంతటవే వస్తాయి.

రావు. తర్వాతి సినిమాకి మనల్ని పిలిచేది చాలావరకు కో-డైరెక్టర్లే, అంటే దర్శకుడి కింద అసిస్టెంట్లందరినీ నడిపించేవాళ్లు. ఉదయం ఆరింటి కాల్‌షీట్‌కి ఐదున్నరకే లొకేషన్‌లో ఉండేవాడు, కంటిన్యుటీ తప్పుల్లేకుండా రాసేవాడు వాళ్లకి కావాలి.