దూరం పెరిగింది, ప్రయాణం తగ్గింది

పిల్లలూ,

ఢిల్లీలో తెల్లవారుజామున 4కు లేచిన విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు ఉదయం 6కు దిగుతుందని టికెట్టు మీద ఉంటే, రెండు గంటల్లో ఎలా పోతుందని అడిగారు కదా. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. అక్టోబరులో అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. దిగిన 6కు పన్నెండున్నర కలపండి, మనకు సాయంత్రం ఆరున్నర. అంటే ప్రయాణం పద్నాలుగున్నర గంటలు. నవంబరు మొదట్లో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, తేడా పదమూడున్నర అవుతుంది. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

దూరానికి అట్లాసు మీద స్కేలు పెట్టకండి, గ్లోబు తీసుకోండి. భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి కొలవండి. 30 సెం.మీ. అడ్డుకొలత ఉన్న గ్లోబుకు 94 సెం.మీ. వస్తుంది. అది 40,000 కి.మీ. కాబట్టి సెంటీమీటరుకు సుమారు 425 కి.మీ. ఇప్పుడు రెండు ఊళ్ల మధ్య దారం బిగలాగండి. వదులైతే వందల కిలోమీటర్లు తేడా వస్తుంది. 29 సెం.మీ.కు కాస్త పైన, అంటే దాదాపు 12,400 కి.మీ. రావాలి. దారం సైబీరియా మీదుగా ధ్రువం వైపు పోవడం చూశారా! ఎంత అందమైన దారో!

అయినా విమానం అలా పోదు. దారం కింద హిమాలయాలు, టిబెట్ పీఠభూమి ఉన్నాయి. లోపల గాలి పీడనం పోతే విమానాన్ని వెంటనే 3,000 మీటర్ల ఎత్తుకు దించాలి. అక్కడ నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తు.

ఎయిరిండియా మొదట అట్లాంటిక్ మీదుగా 13,900 కి.మీ. వెళ్లేది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా 15,300 కి.మీ. దారి పట్టింది. 1,400 కి.మీ. ఎక్కువైనా దాదాపు రెండు గంటలు ముందే చేరింది.

గోదావరిని తలుచుకోండి. ఏటివాలుకు పోయే సరంగు లాంచీని నడి ఏట్లోకి తిప్పుతాడు. ఎగువకు పోయేటప్పుడు గట్టు వార పడతాడు, అక్కడ నీటి ఒరవడి తక్కువ. పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు అలాంటి గాలి ఏరే పారుతుంది, పేరు జెట్ స్ట్రీమ్. 15,300ని పద్నాలుగున్నరతో భాగిస్తే గంటకు 1,055 కి.మీ. విమానం సొంత వేగం 900, మిగతాది ఏరు మోసింది. అట్లాంటిక్ దారిలో ఎదురీత, 850కి పడిపోయినా పదహారు గంటలు దాటుతుంది. ఈ ఏటికి గట్లు లేవు, రోజూ అటూ ఇటూ జరుగుతుంటుంది, చలికాలంలో ఉధృతం. అందుకే బయలుదేరే ముందే ఆ రోజు గాలి చూసి దారి గీస్తారు.

మరి తిరుగు విమానం ఎటు బయలుదేరితే వాలు దొరుకుతుంది? ముందు గ్లోబు మీద మీరే దారి గీయండి. ఆ తర్వాత ఫోనులో విమానాల జాడ చూపించే యాప్ తెరిచి, దాని ముక్కు ఎటుందో, పక్కన వేగం ఎంతుందో చూసి నాకు రాయండి.

తాతయ్య